కొండమీది చెరువును చదివితే.. కొలువు!

2013 జూన్ 17 ఉదయం. కేదార్‌నాథ్‌కు ఎగువన, సుమారు 3,900 మీటర్ల ఎత్తులో ఉన్న చోరాబారి సరస్సు గట్టు తెగింది. భారీ వర్షాలకు, కరిగిన మంచుకు నిండిపోయిన ఆ చిన్న సరస్సు నిమిషాల్లో ఖాళీ అయింది. నీళ్లు బండరాళ్లను, బురదను ఈడ్చుకొచ్చి పట్టణాన్ని ముంచెత్తాయి. ఇంతకీ అంత ఎత్తున చెరువుకు గట్టు వేసిందెవరు? హిమానీనదం!

మంచు తవ్విన గొయ్యి

కొండవాలులోని పల్లంలో ఏటా పడే మంచు కరగకుండా పేరుకుంటూ పోతే, బరువుకు అడుగు పొరలు ఐస్‌గా గట్టిపడి నెమ్మదిగా కదులుతాయి. రాతి పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. దాంతో రాయి చీలుతుంది. ఆ ముక్కలను ఐస్ పెకలించుకుపోతుంది. దానికి అతుక్కున్న రాళ్లు గరుకు కాగితంలా నేలను అరగదీస్తాయి. వేల ఏళ్లకు అక్కడ చేతుల కుర్చీలాంటి గొయ్యి ఏర్పడుతుంది. దీన్ని ‘సర్క్’ అంటారు. ఐస్ కరిగాక అందులో నిలిచే చిన్న సరస్సే ‘టార్న్’.

కీలకం గట్టే

సర్క్ అంచు గట్టి రాయి అయితే సరస్సు వేల ఏళ్లు నిలుస్తుంది. కానీ కొన్ని సరస్సులకు హిమానీనదం మోసుకొచ్చి వదిలేసిన రాళ్లూ మట్టి కుప్పే (మొరైన్) ఆనకట్ట. చోరాబారి ఈ రకమే. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సులోకి పక్కనున్న మొరైన్ విరిగిపడింది. లేచిన అలకు గట్టు తెగి, దిగువన చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది. అందుకే ఇంటర్వ్యూలో టార్న్ నిర్వచనం అప్పజెప్పేస్తే సరిపోదు. గట్టు రాయా, మొరైనా? తెగితే నీరు ఎటు పోతుంది? ఇవీ చెప్పగలగాలి.

అవకాశాలు ఎక్కడ?

ఈ పనిలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. ఇక్కడి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో 0.25 హెక్టార్లకు మించిన 28,043 హిమానీ సరస్సులను గుర్తించింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కావాలంటే ఎమ్మెస్సీ జియాలజీ చేసి, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. డిగ్రీలో జియాలజీ చదువుతున్నవారు ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం ‘జామ్’ రాయొచ్చు. రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ నేర్చుకుంటే అదనపు బలం.

సాధన ఈ రోజే మొదలుపెట్టండి. గూగుల్ ఎర్త్ తెరిచి దక్షిణ లోనాక్ సరస్సును వెతకండి. గట్టు ఎటువైపుందో, నీరు ఏ దారిన దిగిందో గుర్తుపట్టండి. జియాలజిస్టు చేసే పనిలో మొదటి మెట్టు అదే!