తాతగారి వాచీకి నిమ్మచెక్కా?

గూడూరులో నిమ్మకాయలకు కొదవా! ఇత్తడి బిందెలు మెరవాలంటే నిమ్మచెక్కకు ఉప్పద్ది తోమేస్తాం. అదే ఊపులో తాతగారి హెచ్‌ఎంటీ వాచీని తోమకండి. ఉప్పు స్టీలుకు పడదు, సన్నటి గుంటలు తెస్తుంది.

ముందు వెనక మూత చూడండి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉందా? పాత జనతా వాచీలు చాలావాటిలో ఆ మూత ఒక్కటే స్టీలు. మిగతా కేసు ఇత్తడి, పైన క్రోమ్ పూత. పాలిష్ పెట్టి రుద్దారో, పూత లేచి పసుపు తేలుతుంది. ఆ వాచీల కంపెనీ మూసివేతకు 2016లోనే కేంద్రం ఆమోదం తెలిపింది. కొత్త కేసు దొరకడం కష్టమే.

స్టీలు చైనుకు ఆ భయం లేదు. ఊడదీసి (చేతకాకపోతే వాచీ షాపులో తీయించండి) గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి నానబెట్టండి. మెత్తటి టూత్‌బ్రష్‌తో సందులు రుద్దితే నల్లటి మడ్డి వదులుతుంది. అది చాలావరకు చెమట, దుమ్మే. డయల్‌ భాగాన్ని మాత్రం నీళ్లలో ముంచకుండా, తడిపి పిండిన గుడ్డతో తుడవండి. చైను బాగా ఆరాకే తొడగండి.