గృహ వైర్‌లెస్ నెట్‌వర్క్ భద్రత: విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ పథకాన్ని నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబర్ 27న ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయల నాటి ప్రారంభ ధరతో అంతర్జాలం, టెలివిజన్, టెలిఫోన్ సేవలను ఇళ్లకు చేర్చడం దీని ఉద్దేశం. ఈ వ్యవస్థ పర్యవేక్షణ కేంద్రాన్ని విశాఖపట్నంలో నెలకొల్పారు. తీగ మన ఇంటి పెట్టె వద్ద ఆగిపోతుంది. అక్కడి నుండి సమాచారం గాలిలో ప్రయాణిస్తుంది. ఆ చివరి కొద్ది మీటర్ల రక్షణ గృహస్థుని బాధ్యతేనని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ముప్పు స్వరూపం

ఫైబర్‌లోని కాంతి తీగలోనే సాగుతుంది. రేడియో తరంగం గోడ దాటుతుంది. ఉక్కునగరం క్వార్టర్లలోనైనా, ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంట్లలోనైనా పొరుగింటి వైఫై పేరు మన ఫోనులో కనిపించడం నిత్యానుభవమే. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు ఉగ్రవాదులు పంపిన ఈ-మెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి రక్షణలేని వైఫై ద్వారా వెళ్లింది. దర్యాప్తు మొదట ఆ ఇంటికే చేరింది. ఐపీ చిరునామా కనెక్షన్‌ను చూపుతుందే కాని, దానిని వాడిన మనిషిని చూపదు.

3. రక్షణ ప్రమాణాల పరిణామం

1997 నాటి వెప్ పద్ధతిలోని లోపాన్ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ నిరూపించారు. తరువాత 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. డబ్ల్యూపీఏ2లో పరికరం అనుసంధానమయ్యే క్షణాన జరిగే సంభాషణను పట్టుకొన్నవారు, తమ కంప్యూటరులో తీరికగా పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకోవచ్చు. అందువల్ల మొబైల్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడం ప్రమాదకరం. మన దేశపు మొబైల్ నంబర్లు 6 నుండి 9 వరకు గల అంకెలతోనే మొదలవుతాయి కనుక గరిష్ఠంగా 400 కోట్ల అవకాశాలే ఉంటాయి. శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుకు ఇది కొద్ది గంటల పని.

4. పాటించవలసిన చర్యలు

అ) రౌటరు అమరికల పేజీకి తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చాలి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇటువంటి మార్చని పాస్‌వర్డ్‌ల ద్వారానే కెమెరాలను, రౌటర్లను వశపరచుకొంది.

ఆ) డబ్ల్యూపీఏ3ను, అది లేనిచోట ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2ను ఎంచుకోవాలి.

ఇ) పరస్పర సంబంధంలేని నాలుగైదు తెలుగు పదాలను ఆంగ్ల లిపిలో కూర్చిన పాస్‌వర్డ్ గుర్తుంచుకోవడానికి సులువు, ఊహించడానికి కష్టం.

ఈ) డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయాలి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రెండు భాగాలుగా సరిచూడడం వల్ల 11,000 ప్రయత్నాలు చాలునని 2011లో వెల్లడైంది.

ఉ) అతిథులకు, టీవీలకు, కెమెరాలకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ కేటాయించాలి, రౌటరు సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి.

నెట్‌వర్క్ పేరును దాచడం మాత్రం రక్షణ కాదు. పరికరాలు అనుసంధానమయ్యేటప్పుడు ఆ పేరు గాలిలో బయటపడుతుంది.

5. ముగింపు

అముద్రిత సిద్ధాంత గ్రంథాలు, ప్రశ్నపత్రాలు, విద్యార్థుల మార్కులు నేడు అధ్యాపకుల ఇళ్లలోని కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. రౌటరు పరుల వశమైతే ఆ కంప్యూటర్లకు దారి తెరుచుకొంటుంది. పై చర్యలకు ఖర్చు లేదు, సాంకేతిక పట్టాతో పని లేదు. ఒక సాయంత్రం చాలు. తలుపుకు గడియ వేసే అలవాటే గాలిలోని దారికీ వర్తించాలి.