ఐదు సెకన్ల హెచ్చరిక

కంట్రోల్ రూములో పనిచేసిన వారికి అలారం ప్యానెల్ తీరు సుపరిచితమే. లోపం తలెత్తగానే హారన్ మోగుతుంది, దీపం మినుకుమినుకుమంటుంది. ఆపరేటరు మీట నొక్కితే హారన్ ఆగుతుంది గాని, లోపం తొలగేవరకు దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒక మనిషి గమనించాడని రూఢి అయ్యేవరకు ఆ యంత్రం ఊరుకోదు. మన బల్లపై కంప్యూటరుకు అంతటి పట్టుదల లేదు.

ఇందుకు నా అనుభవమే ఉదాహరణ. దినసరి నివేదికలకు ప్రతి సాయంకాలం మరొక డిస్కులో నకలు తీసే ఏర్పాటు నా కంప్యూటరులో ఉండేది. ఒకనాడు ఫోనులో మాట్లాడుతుండగా తెర మూలన ఏదో సూచన మెరిసింది. తల తిప్పేసరికి అది లేదు. నకలు డిస్కు నిండిపోయిందన్నది ఆ సూచన సారాంశమని తరువాత గాని తెలియలేదు. ఆపై నేను బల్ల వద్ద లేని వేళల్లో అదే సూచన ఎన్నిసార్లు వచ్చి పోయిందో! ఆరు వారాలకు అసలు డిస్కు చెడిపోయింది. ఇద్దరు సహోద్యోగులు, నేను కలిసి రిజిస్టర్లు ముందు పెట్టుకుని నాలుగు సాయంకాలాలు ఆ లెక్కలన్నీ మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది.

ఆ సూచన ఎందుకు నిలువలేదు? లినక్స్ డెస్క్‌టాప్‌లకు ఈ విషయంలో ఫ్రీడెస్క్‌టాప్ వారి ఉమ్మడి నిబంధనావళి ఉంది. సూచన పంపే ప్రోగ్రాము దాని ఆయుష్షును మిల్లీసెకన్లలో కోరవచ్చు. 5000 అంటే ఐదు సెకన్లు. 0 అంటే తనంతట తాను తొలగరాదని, -1 అంటే నిర్ణయం డెస్క్‌టాప్‌దేనని అర్థం. అత్యవసరతకు మూడు స్థాయిలున్నాయి: 0 స్వల్పం, 1 సాధారణం, 2 తీవ్రం. తీవ్రమైనవి వాటంతటవి మాయం కారాదని నిబంధన. నా నకలు ప్రోగ్రాము తన వైఫల్యాన్ని 'సాధారణం'గా పంపింది. అదే కొంప ముంచింది.

అయితే కోరిన ఆయుష్షు తప్పక లభిస్తుందని లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాము కోరిన కాలాన్ని పట్టించుకోక, తన లెక్క ప్రకారమే సూచనను తెరపై నుంచి తప్పించి గడియారం క్రింది జాబితాలో చేరుస్తుంది. కెడిఇ ప్లాస్మాలో సూచన ఎన్ని సెకన్లు నిలవాలో మనమే నిర్ణయించుకోవచ్చు; 2019లో వచ్చిన 5.16 కూర్పులో ఈ వ్యవస్థను సమూలంగా తిరిగి నిర్మించారు. విండోస్ 11లో ఈ కాలాన్ని 5 సెకన్ల నుంచి 5 నిమిషాల వరకు పెంచుకునే వీలుంది. నిదానంగా చదివే పెద్దలున్న ఇళ్ళలో ఈ సదుపాయం ఎంతో మేలు.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటుంది. సూచన తెరపై కనిపించే కాలం వేరు, జాబితాలో భద్రంగా ఉండే కాలం వేరు. మొదటిది ముగిసినంత మాత్రాన రెండవది ముగియనక్కరలేదు. జాబితాను తెరిచి చూసే అలవాటు నాకు ఉండి ఉంటే ఆ నాలుగు సాయంకాలాలు మిగిలేవి.

అన్ని సూచనలనూ తెరపైనే నిలిపి ఉంచితే సరిపోదా అని పాఠకులు అడగవచ్చు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం సంభవించినప్పుడు, తొలి నిమిషాలలోనే వందకు పైగా అలారాలు ఒక్కుమ్మడిగా మోగాయి. వాటిలో ముఖ్యమైనదేదో ఆపరేటర్లకు బోధపడలేదు. అన్నీ అరిస్తే ఏదీ వినబడదు. పండుగ శుభాకాంక్షలు ఐదు సెకన్లలో పోయినా నష్టం లేదు; డిస్కు నిండిన వార్త మాత్రం ఎవరైనా చూసేవరకు నిలవాలి.

ఇప్పుడు నా నకలు ప్రోగ్రాము వైఫల్యాన్ని 'తీవ్రం'గా పంపేట్లు మార్పించాను. ప్రతి సాయంకాలం కుర్చీ నుంచి లేచేముందు సూచనల జాబితాను ఒకసారి తెరిచి చూస్తున్నాను. షిఫ్టు అప్పగించేముందు ప్యానెల్‌ను ఒకసారి పరికించే ఆపరేటరు చేసే పనీ అదే కదా!