వేగం చూసే ముందు అవ్వ పాటను భద్రం చేశాం

హోసూరు వైపు మా బడిలో తెలుగు పీరియడ్ ముప్పావు గంట. ల్యాబ్‌లో ఉన్నవి ఐదు చిన్న బోర్డు కంప్యూటర్లు. వాటికి హార్డ్‌డిస్క్ ఉండదు. గోరంత మెమరీ కార్డే వాటి బీరువా. అవి తెరుచుకుని పాఠం తెర మీదికి వచ్చేసరికి పిల్లల ఓపిక సగం అయిపోతుంది. అందుకే ఈ ఏడు కార్డుల వేగం పెంచవచ్చేమో పరీక్షించాలనుకున్నాం.

మొదటి ప్రశ్న తొమ్మిదో తరగతి అమ్మాయిది. “సార్, కార్డు మీద సెకనుకు 100 ఎంబీ అని ఉంది. మనకు 22 దాటడం లేదు. దుకాణంలో మోసం చేశారా?”

మోసం కాదు. కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం మోసే తీగలు నాలుగు. సెకనుకు ఎన్నిసార్లు పంపాలో గడియారం నిర్ణయిస్తుంది. 50 మెగాహెర్ట్‌జ్ అయితే నాలుగు తీగల మీద 200 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 25 మెగాబైట్లు. ఈ లెక్క పిల్లలతోనే చేయించాం. యూహెచ్‌ఎస్-1 రకం కార్డు 208 మెగాహెర్ట్‌జ్ దాకా, అంటే 104 మెగాబైట్ల దాకా వెళ్లగలదు. కానీ అందుకు బోర్డు కూడా 3.3 వోల్టుల నుంచి 1.8 వోల్టులకు దిగగలగాలి. మా పాత బోర్డులు దిగలేవు. రాస్‌ప్‌బెర్రీ పై 4 బోర్డు 50 మెగాబైట్ల పద్ధతిని, పై 5 బోర్డు 104 పద్ధతిని అందుకుంటాయి. కాబట్టి పాత బోర్డుకు ఖరీదైన కార్డు కొన్నా ఆ వేగం రాదు.

మాకున్న దారి ఒక్కటే. సెట్టింగుల ఫైలులో ఒక వరుస చేర్చి గడియారాన్ని 100కు పెంచడం. ఒక కార్డు తీయబోతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. “ఆ కార్డు వద్దు సార్. అందులో మా అవ్వ పాట ఉంది.”

నిరుడు పిల్లలు ఇళ్లలో పెద్దవాళ్ల పాటలు, కథలు రికార్డు చేసి తెచ్చారు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటకు ఇంకో ప్రతి కూడా లేదు. పరీక్ష అక్కడే ఆపేశాం. ఆ రోజంతా రికార్డింగులను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి, ప్రతిదీ తెరిచి విన్నాం. అసలు కార్డులను పక్కన పెట్టి, వేరే కార్డుల మీద కాపీలతోనే మర్నాడు పరీక్ష మొదలుపెట్టాం.

మొదటి కొలతలోనే సెకనుకు వందల ఎంబీలు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అది కార్డు వేగం కాదు, అప్పుడే చదివిన ఫైలును బోర్డు తన జ్ఞాపకంలోంచి తీసి ఇచ్చింది. తర్వాత ప్రతిసారీ బోర్డును ఆపి, మళ్లీ వేసి కొలిచాం. నాలుగు కార్డుల్లో వేగం 40కి చేరింది. ఐదో కార్డులో పెద్ద ఫైలు కాపీ సగంలో ఆగింది. లాగ్ తెరిస్తే సీఆర్‌సీ తప్పులు వరుసగా ఉన్నాయి. పంపిన సమాచారం చేరేసరికి చెడిపోతోందని దానర్థం. 50కి తగ్గించగానే అదే కార్డు బుద్ధిగా పనిచేసింది.

ఇంకో సంగతి. వేగం దాదాపు రెట్టింపైనా బోర్డు తెరుచుకునే సమయం కొద్ది సెకన్లే తగ్గింది. తెరుచుకునేటప్పుడు అది చదివేవి ఎక్కువగా చిన్న చిన్న ముక్కలు. వాటికి చూడాల్సిన గుర్తు కార్డు మీది ‘ఏ1’. సెకనుకు కనీసం 1500 సార్లు చదవగలదు, 500 సార్లు రాయగలదు అని దాని హామీ. కొత్త కార్డు కొనే బడులు పెద్ద అంకెతో పాటు ఈ గుర్తునూ చూడాలి.

చివరికి మేం తీసుకున్న నిర్ణయం ఇది. పాఠాల వీడియోలున్న నాలుగు కార్డులకు 100 ఉంచాం. అవి చెడినా మళ్లీ కాపీ చేసుకోవచ్చు. పిల్లలు రికార్డు చేసే కార్డుకు మాత్రం పాత వేగమే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ ఫోన్లలో ఉన్న పెద్దవాళ్ల గొంతులు కూడా ఇలాంటి ఫ్లాష్ మెమరీలోనే ఉన్నాయి. ఈ ఆదివారం వాటికి ఇంకో ప్రతి తీసి, ఒకసారి తెరిచి వినండి.