మోటుపల్లి యభయశాసనము – ఓడదొంగల చరిత్రము

ఓడదొంగ యన్నంతనే పాశ్చాత్యకథలలోని యొంటికంటి నావికుఁడు స్ఫురించుట పరిపాటి. కాని చరిత్రమును బరికించినచో, సముద్రముపై దొంగ యెవఁడు, దొర యెవఁడు అను ప్రశ్నమే ముందు నిలుచును. దీనికిఁ దెలుఁగుతీరమునందలి మోటుపల్లి శాసనము చక్కని యుత్తర మిచ్చుచున్నది.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణమునందు 'హింస్రిక' యను పదము కలదు. హింసధాతువునకుఁ దాచ్ఛీల్యార్థమున 'ర' ప్రత్యయము వచ్చి 'హింస్ర' మగును. దానిపై 'క' ప్రత్యయము చేరి, నౌశబ్దము స్త్రీలింగ మగుటచే 'హింస్రిక' యైనది. హింసయే శీలముగాఁ గల యోడ యని యర్థము. అట్టి యోడలను నాశనము చేయవలయుననియు, గాలివానకుఁ జిక్కి వచ్చిన నావను దండ్రివలె నాదరించి, నీటఁ దడిసిన సరకునకు సుంకము మానుటయో సగము గొనుటయో చేయవలయుననియుఁ గౌటిల్యుఁడు విధించెను.

ఆచారము మాత్ర మన్యథా యుండెను. పదుమూఁడవ శతాబ్ది చివర నీ దేశమునకు వచ్చిన వెనిసు వర్తకుఁడు మార్కోపోలో, మలబారు, గుజరాతు తీరములనుండి యేఁటేఁట నూఱింటికిఁ బైఁబడిన దొంగయోడలు వెడలుచుండెనని వ్రాసెను. ఏలిరాజ్యమునఁ దలవని తలంపుగాఁ జేరిన యోడను, దైవమే తమకుఁ బంపెనని చెప్పి తీరవాసులు దోఁచుకొనుచుండిరనియు వ్రాసెను.

మార్కాపుర, గిద్దలూరు సీమలకు సముద్రము దూరమైనను నీ చరిత్రము పరాయిది గాదు. నల్లమలలోఁ బుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపుర ప్రాంతముమీఁదుగాఁ బాఱు గుండ్లకమ్మ కడకు సముద్రమునఁ గలియును. 1970 మొదలు 2022 వఱకు నీ సీమయు, నేఁడు బాపట్ల జిల్లాలోనున్న మోటుపల్లియు నొక్క జిల్లాలోనివే. త్రిపురాంతకమునఁ గాకతీయుల కాలపు శాసనములు పెక్కులు గలవు. ఆ వంశమువాఁడగు గణపతిదేవుఁడే శాలివాహనశకము 1166, అనఁగా క్రీ.శ. 1244-45లో మోటుపల్లి వీరభద్రాలయమున నభయశాసనమును వేయించెను.

దేశాంతరములకుఁ బోవు నోడలు గాలివానకుఁ బగిలి తీరమునఁ బడినపుడు, బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరని యందుఁ జెప్పఁబడినది. ప్రాణముకంటె ధనమునే మిన్నగాఁ దలఁచి సముద్రయానమునకుఁ దెగించిన వర్తకులయందలి దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, 'కౢప్తశుల్కము' తప్పఁ దక్కిన దంతయు విడిచితినని రాజు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పగడములు మున్నగువానికి వేర్వేఱ రేట్లు చెప్పఁబడినవి.

'కౢప్త' శబ్దము గమనింపఁదగినది. తెలుఁగున 'క్లుప్తము' సంక్షిప్తమను నర్థమున రూఢమైనది. శాసనమున దానికి నిర్ణీతమని యర్థము. శాసనమునకుఁ బ్రాణ మీ విశేషణమే. దొంగ యెంత గొనునో యెవ్వరికిఁ దెలియదు. రాజెంత గొనునో వర్తకుఁ డోడ యెక్కకమునుపే యెఱుఁగును. ఇది దయయా, రాజనీతియా యను వివాద మనవసరము. భయము తీఱినఁగాని యోడ రాదు. ఓడ రానిచో సుంకమే లేదు. మార్కోపోలో మోటుపల్లిని 'ముత్ఫిలి' యని పేర్కొని, యచ్చటి సన్ననివస్త్రములను, వజ్రములను బొగడెను. 1358లో రెడ్డిరాజగు ననపోతారెడ్డియు నచ్చట వర్తకులకు మరల నభయ మొసఁగెను.

పిమ్మటి కాలపుఁ బ్రసిద్ధులనుగూడ నీ గీటురాతిపై నొరసి చూడఁదగును. విలియం కిడ్ ఆంగ్లరాజు నధికారపత్రముతో దొంగలను బట్టుటకే వెడలి, 1698లో మలబారు తీరమున 'క్వేదా మర్చంట్' అను వర్తకనౌకను బట్టుకొని, 1701లో లండనున నురిదీయఁబడెను. మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే తన యనుమతిపత్రము లేని యోడలను బట్టుకొనఁగా, నాంగ్లేయు లాతనిని దొంగ యనిరి. అంతకుమున్ను పోర్చుగీసువా రట్టి పత్రములనే నిర్బంధించియుండిరి. వారిని రాజ్యాధికారులనియే చరిత్రకారులు వ్యవహరించిరి. కావున నోడదొంగల కథలను బోధించునపుడు, ఆ పేరు పెట్టినవా రెవరో, వారు గొన్న సుంకమునకు మేర యెంతయో విచారించి చెప్పుట యుక్తము.