కోరపన్ను దారి తప్పితే పదేళ్లకే తెలుస్తుంది

దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ వాసులకు పెద్దాసుపత్రి అంటే శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని జి.బి. పంత్ ఆసుపత్రే. పళ్లకు క్లిప్పులు వేయించుకుంటే డాక్టర్ దగ్గరకు ఒక్కసారి వెళ్తే సరిపోదు. ఏడాదికి పైగా తిరగాలి. ఇలాంటి ఊళ్లలో పిల్లల పళ్ల వరుసను ముందే గమనించడం ఎంతో మేలు.

‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే’ అనుకుంటాం. కానీ శాశ్వత పళ్లకు చోటు కాపాడేవి అవే. పుచ్చిపోయి ముందే పోతే, పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి. తర్వాత రావాల్సినది వంకరగా వస్తుంది, లేదా ఎముకలోనే ఉండిపోతుంది.

ఇలా చిక్కుకుపోయే వాటిలో జ్ఞానదంతాల తర్వాతి స్థానం పైదవడ కోరపళ్లది. మామూలుగా 11-12 ఏళ్లకు వచ్చే ఇవి ఒక్కోసారి అంగిలి వైపు తిరిగి, ముందుపళ్ల వేళ్లను దెబ్బతీస్తాయి. చాలాసార్లు నొప్పి ఉండదు.

పసిగట్టడానికి తొలి పరీక్ష తేలికే. పదేళ్ల పిల్లల పాల కోరపన్ను పైన, చిగురు బయటివైపు డాక్టర్ వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. తగలకపోయినా, రెండువైపులా తేడా ఉన్నా ఎక్స్‌రే తీయాలి. స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, కురోల్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, పాల కోరపన్ను తీసేశాక 46 కోరపళ్లలో 36 సరైన దారికి వచ్చాయి.

ఆలస్యమైతే చిగురు కోసి, పంటికి గొలుసు తగిలించి, క్లిప్పులతో నెలల తరబడి కిందికి లాగాలి. సకాలంలో చూపిస్తే చాలామందికి ఒక్క పాలపన్ను తీయడంతో సరిపోవచ్చు.