బారూ ర్యాకూ ఉప్పుగాలీ

సంగిడి రాళ్లకూ సాముగరిడీలకూ పేరుపడ్డ ఉత్తరాంధ్రలో బరువులెత్తే విద్య నిన్నా మొన్నా వచ్చినది కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని దేశదేశాల్లో కీర్తి పొందగా, ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించారు. ఇంతటి ఆనవాయితీ చుట్టూ ఉన్నా, విశాఖపట్నంలో జిమ్ పెట్టదలచినవారూ, ఇంట్లో ఓ గదిని వ్యాయామానికి కేటాయించదలచినవారూ సాధారణంగా ట్రెడ్‌మిల్లుకూ అద్దాలకూ ఉదారంగా ఖర్చుపెట్టి, బారు దగ్గరికి వచ్చేసరికి చేయి బిగబడతారు. నిజానికి పొదుపు చేయవలసింది మొదటివాటిలో. బారులోనూ, దాన్ని మోసే ర్యాక్‌లోనూ చేసిన పొదుపు ఎత్తేవారి మణికట్ల మీద, మెడ మీద పడుతుంది.

బారు అంటే రెండు చివర్లా ప్లేట్లు ఎక్కించి ఎత్తే పొడవాటి ఉక్కు కడ్డీ. పోటీల ప్రమాణం ప్రకారం పురుషుల బారు 20 కిలోల బరువు, 2.2 మీటర్ల పొడవు, చేత్తో పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం కలిగి ఉంటుంది. మహిళల బారు 15 కిలోలు, 2.01 మీటర్లు, 25 మిల్లీమీటర్లు. ప్లేట్లు కూర్చునే చివరి భాగాన్ని స్లీవ్ అంటారు. దాని మందం రెండింటిలోనూ 50 మిల్లీమీటర్లే, రెండు స్లీవ్‌ల నడుమ దూరం 1.31 మీటర్లే. ఇళ్లలో ఎక్కువగా కనిపించే సన్నరకం బార్లలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే మందం ఉంటుంది, ప్లేట్ల రంధ్రం కూడా అంతే చిన్నది. చేతుల వ్యాయామాలకు అవి పనికొస్తాయి గాని, బరువు పెరిగే కొద్దీ వాటికి సరిపోయే ర్యాకూ ప్లేట్లూ దొరకక మొత్తం సామగ్రినే మార్చవలసి వస్తుంది.

ఉక్కు నగరంలో ఉన్నవారికి సహజంగా తట్టే ఆలోచన ఒకటుంది: ఆటోనగర్‌లో లేత్ పనివారికి కొదవ లేదు, ఉక్కుకు అంతకన్నా లేదు, అలాంటప్పుడు ఒక కడ్డీని చెక్కించుకుంటే సరిపోదా? సరిపోకపోవడానికి కారణం ఉక్కు స్వభావంలోనే ఉంది. బరువు పడితే ఏ ఉక్కయినా వంగుతుంది. ఒకే మందం ఉంటే మేలురకమైనా నాసిరకమైనా ఒకే బరువుకు దాదాపు ఒకే మేర వంగుతుంది. తేడా అంతా బరువు దించాక తిరిగి తిన్నగా అవుతుందా లేదా అన్నదాంట్లో ఉంటుంది. తిరిగి రాలేని వంపు మొదలయ్యే ఒత్తిడిని ఆ ఉక్కు ఓర్పు హద్దు అనుకోవచ్చు. దాన్ని మెగాపాస్కళ్లలో కొలుస్తారు. ఒక చదరపు మిల్లీమీటరు మీద సుమారు 100 గ్రాముల బరువు మోపితే ఒక మెగాపాస్కల్. మామూలు మెత్తని ఉక్కుకు ఈ హద్దు 250. 28 మిల్లీమీటర్ల కడ్డీకి రెండువైపులా కలిపి 150 కిలోల ప్లేట్లు ఎక్కించి భుజాల మీద కదలకుండా నిలిపినా నడుమ భాగంలో ఒత్తిడి 200 దరిదాపులకు వెళుతుంది. గుంజీ నుంచి లేచేటప్పటి కుదుపో, ర్యాక్ మీద దభీమని పెట్టిన దెబ్బో తోడైతే హద్దు దాటడం ఎంతో సేపు పట్టదు. ఒకసారి వంకరపోయిన బారు చేతుల్లో తనంతట తాను పొర్లుతుంది, దాన్ని సరిచేసే ఉపాయం ఉండదు.

ఇంటి స్లాబులో వాడే టీఎంటీ కడ్డీ దీనికన్నా మేలు కాదా అన్న సందేహం కలగవచ్చు. ఎఫ్‌ఈ 500 రకానికి ఓర్పు హద్దు కనీసం 500 మెగాపాస్కళ్లే గాని, ఆ బలం కడ్డీ అంతటా సమానంగా ఉండదు: ఎర్రగా కాలిన కడ్డీని నీటి ధారలతో హఠాత్తుగా చల్లార్చడం వల్ల పై పొర గట్టిపడి, లోపలి గుజ్జు మెత్తగా మిగులుతుంది. లేత్ మీద నునుపు చేసేటప్పుడు ముందుగా పోయేది ఆ గట్టి పొరే. పైగా భూకంపం వచ్చినప్పుడు విరగకుండా సాగి వంగాలన్నది ఇంటి కడ్డీకి కావలసిన గుణం, వంగి వెనక్కు రావాలన్నది బారుకు కావలసిన గుణం. అందువల్ల బార్లకు ప్రత్యేకమైన మిశ్రమ ఉక్కును వేడిచేసి చల్లార్చే ప్రక్రియతో గట్టిపరుస్తారు. మంచి బార్ల ప్రకటనల్లో కనిపించే 1,90,000 పీఎస్‌ఐ అన్న అంకె సుమారు 1300 మెగాపాస్కళ్లకు సమానం, అయితే అది తెగే బలమే తప్ప ఓర్పు హద్దు కాదన్నది కొనేవారు గుర్తుంచుకోవాలి. మందం కూడా చిన్న విషయం కాదు, ఎందుకంటే వంపును తట్టుకునే శక్తి మందం ఘనాన్ని బట్టి మారుతుంది; అదే ఉక్కుతో 28కి బదులు 25 మిల్లీమీటర్లకు దిగితే ఆ శక్తి దాదాపు 30 శాతం తగ్గిపోతుంది.

స్లీవ్ తిరగడం అవసరమా అంటే, చేసే వ్యాయామాన్ని బట్టి ఉంటుంది. స్నాచ్, క్లీన్ వంటి వాటిలో బారు క్షణంలో మణికట్టుతో పాటు తిరుగుతుంది గనుక ప్లేట్లు దానితో కలిసి తిరగకుండా విడిగా ఉండాలి, లేకపోతే వాటి జడత్వం మణికట్టునూ మోచేతినీ మెలిపెడుతుంది. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లతో సరిపెట్టుకునేవారికి మామూలు బుషింగుల బారు చాలు, బేరింగుల ఖరీదు అనవసరం. దుకాణంలో చేయదగిన పరీక్ష సులువైనదే: ఖాళీ బారును ర్యాక్ కొక్కేల మీద పెట్టి, నడుమ పట్టుకుని మెల్లగా దొర్లిస్తూ చివరలను గమనిస్తే, వంకర ఉన్న బారు కొసలు పైకీ కిందికీ ఊగుతాయి.

బారు తర్వాత ర్యాక్. ఒంటరిగా వ్యాయామం చేసేవారికైతే బారు కన్నా ముందు ర్యాక్ అనడమే న్యాయం. నాలుగు నిలువు స్తంభాల నడుమ నిలబడి ఎత్తే చట్రాన్ని పవర్ ర్యాక్ అంటారు. దాని ప్రయోజనం బారును నిలిపి ఉంచే కొక్కేల్లో కాదు, చేతులు లొంగినప్పుడు బారును ఆపే అడ్డకడ్డీల్లో ఉంది. స్క్వాట్‌లో వీటిని పూర్తిగా కిందికి కూర్చున్నప్పుడు బారు ఉండే ఎత్తుకు రెండు మూడు వేళ్ల దిగువన అమర్చాలి. బెంచ్ ప్రెస్‌లో ఈ అమరిక మరింత సున్నితం: ఛాతీ ఎత్తి పడుకున్నప్పుడు బారు ఛాతీని తాకాలి, ఛాతీని దించి ఒదిగినప్పుడు మాత్రం బారు కడ్డీల మీద ఆగి మెడ మీదికి రాకూడదు. స్తంభాల రంధ్రాలు 5 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే ఈ సన్నని తేడా కుదరకపోవచ్చు, 2.5 సెంటీమీటర్ల ఎడం ఉన్న ర్యాక్ కోసం కొంత అదనంగా ఇచ్చినా నష్టం లేదు. అడ్డకడ్డీలు లేని బెంచి మీద తోడు లేకుండా బరువైన ప్రెస్ చేయడమే బారు వ్యాయామాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. విధిలేక చేసేవారు ప్లేట్లు జారకుండా పట్టే చివర్ల కాలర్లను బిగించకుండా ఉంటే, బారును ఒకవైపు వంచి ప్లేట్లను జార్చి బయటపడే వీలుంటుంది. బొటనవేలిని బారు చుట్టూ తిప్పకుండా అరచేతుల్లో ఊరికే ఆనించి పట్టుకునే పద్ధతిని మాత్రం ఏ స్థితిలోనూ సమర్థించలేము. పట్టాల మధ్య బారు నిలువునా జారే స్మిత్ మెషీన్ భద్రంగా కనిపిస్తుంది గాని, బరువును సమతూకంలో నిలిపే పనిని యంత్రమే చేసేయడం వల్ల ఒంటికి ఆ శిక్షణ దక్కదు.

నేల గురించి అపార్ట్‌మెంట్ వాసులు తప్పక ఆలోచించాలి. నివాస గదుల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువును దృష్టిలో పెట్టుకుని లెక్కగడతారు. నెమ్మదిగా దించిన బారుకూ, నడుము ఎత్తు నుంచి వదిలేసిన బారుకూ ఆ లెక్కలో పోలికే లేదు. రెండు పొరల ప్లైవుడ్ మీద దళసరి రబ్బరు పరిచినా అది దెబ్బను పంచుతుందే తప్ప మాయం చేయదు. బరువులు వదిలేసే వ్యాయామాలు నేల మీది అంతస్తులోనే చేయడం ఉత్తమం.

విశాఖ వంటి తీరనగరంలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది తుప్పు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు కంటికి కనిపించకుండా లోహం మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు దాన్ని పీల్చుకుని తానే నీరవుతుంది, ఇనుము తుప్పుపట్టడానికి ఆ పలుచని ఉప్పునీటి పొర చాలు. పట్టు జారకుండా బారు మీద చెక్కిన గరుకు గీతల్లో చెమటా, చేతులకు రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడీ ఇరుక్కుని తుప్పు పని మరింత తేలిక చేస్తాయి. ఏసీ జిమ్ములకు ఈ బాధ లేదనుకోవడం పొరపాటు: రాత్రి ఏసీ ఆపి కిటికీలు తెరిచినప్పుడు చల్లబడిన ఇనుము మీద బయటి తేమ చెమ్మగా దిగుతుంది. నల్ల ఆక్సైడ్ పూత ఇక్కడ నాలుగు నెలలు నిలవడం గగనం. దళసరి క్రోమ్ పూత నయం, స్థోమత ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు బారు ఇంకా నయం. ఏదైనా వారానికోసారి నైలాన్ బ్రష్‌తో గీతల్లోని పొడిని దులిపి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు రాసి, చేతికి జిడ్డు తగలనంతగా పొడిగుడ్డతో తుడవాలి. పూత కన్నా ఈ తుడుపే బారు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ర్యాక్ బోల్టుల దగ్గర రంగు లేచి తుప్పు పొక్కులు కనిపిస్తే మాత్రం తుడిచి ఊరుకోకుండా బోల్టునే మార్చాలి.

ప్లేట్ల విషయంలో రంగులూ పేర్లూ ముఖ్యం కాదు, తూకం ముఖ్యం. పోత ఇనుప ప్లేట్లు రాసి ఉన్నదానికన్నా ఎక్కువో తక్కువో తూగడం సాధారణం గనుక, కొన్నాక ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి, సమంగా తూగే వాటిని జతలుగా విడదీసి సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. పోటీ ప్లేట్ల వ్యాసం 450 మిల్లీమీటర్లు, దానివల్ల నేల మీది బారు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ప్లేట్లతో డెడ్‌లిఫ్ట్ నేర్చుకునే కొత్తవారు అంతకన్నా కిందికి వంగవలసి వచ్చి నడుము గుండ్రం చేస్తారు. అందుకే పూర్తి వ్యాసం గల 5 కిలోల రబ్బరు ప్లేట్లు ఒక జత తీసుకోవడం మంచిది.

జిమ్ములలో 20 కిలోల ప్లేట్లు గుట్టలుగా ఉండి 1.25 కిలోల జత ఒక్కటైనా కనిపించకపోవడం తరచూ జరిగేదే. 25 కిలోలతో తలపైకి ప్రెస్ చేసే మహిళకు ఆ చిన్న జతే 10 శాతం పెంపు. అర కిలో జత ఉంటే పెంపు 4 శాతానికి దిగి, వారం వారం ముందుకు సాగడం కుదురుతుంది. ఈ చిన్న బిళ్లల మీద వంపు ఒత్తిడి పడదు కాబట్టి, బారుకు పనికిరాదన్న ఆ లేత్ దుకాణమే వీటికి తగిన చోటు: 12 సెంటీమీటర్ల వ్యాసం, నడుమ 51 మిల్లీమీటర్ల రంధ్రం, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఉక్కు బిళ్ల దాదాపు అర కిలో తూగుతుంది.